కొండెక్కిన పిల్లలు నేర్పే పాఠం



ఫీజు కట్టలేక చదువు ఆగిపోయే పిల్లలకు ఎలా సాయం చేయాలో మనకు తెలుసు. పుస్తకాలు కొనిస్తాం, కాలేజీ ఫీజు కడతాం, హాస్టల్ ఖర్చు భరిస్తాం. కానీ డిగ్రీ చేతికొచ్చాక ఇంటి దగ్గరే ఉండిపోయిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఏం చేయాలో మనకు అంతగా తెలియదు. సీజన్లో మిరపకాయ కోతకు వెళ్తాడు, కల్లంలో కాయ ఆరబోస్తాడు, నాపరాయి క్వారీలో నాలుగు రోజులు పని చేస్తాడు, హైదరాబాదు వెళ్లి ఆరు నెలలకు తిరిగొస్తాడు. అతను సోమరి కాదు. ఎటు వెళ్లాలో తేల్చుకోలేక ఆగిపోయాడు. అదే ఇంట్లో ఇంటర్ పాసై కూర్చున్న చెల్లెలిని ‘నీకేం చేయాలనుందమ్మా’ అని అడిగేవారు మరీ తక్కువ.

ఇలాంటి యువతను కొన్ని వారాలు కొండల్లోకి, అడవుల్లోకి తీసుకెళ్లి, కష్టమైన ప్రయాణం చేయించి, తమ మీద తమకు నమ్మకం కలిగించే పద్ధతి ఒకటి ప్రపంచంలో ఎనభై ఏళ్లుగా నడుస్తోంది. మన సాయం ఇలాంటి పనికి వెచ్చించడం తగునా? తగితే ఏ జాగ్రత్తలతో? ఈ వ్యాసంలో మనం ఆలోచించవలసిన విషయం ఇదే.

ఈ పద్ధతి ఎలా పుట్టింది?

1941లో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, బ్రిటన్‌లోని వేల్స్ తీరాన అబర్‌డోవీ అనే ఊళ్లో ‘ఔట్‌వార్డ్ బౌండ్’ పేరుతో ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. హిట్లర్‌ను ఎదిరించి 1933లో జర్మనీ విడిచివచ్చిన కర్ట్ హాన్ అనే విద్యావేత్త ఆలోచన అది. లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని అండగా నిలిచాడు. శత్రువు దాడిలో ఓడ మునిగినప్పుడు, బలమైన కుర్రవాళ్ల కంటే వయసు మళ్లిన నావికులే ఎక్కువగా ప్రాణాలతో బయటపడుతున్నారని హోల్ట్ నమ్మాడు. కుర్రవాళ్లకు ఒంట్లో సత్తువ ఉంది. ‘ఇంతకుముందు కూడా ఇలాంటి కష్టం దాటాను’ అనే ధైర్యం లేదు. ఆ ధైర్యాన్ని సుమారు నెల రోజుల్లో, సముద్రం మీదా కొండల మీదా నేర్పాలని వారు పూనుకున్నారు.

మన దేశంలో 1953లో టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడాది డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఏర్పడ్డాయి. ఇవి సంపన్నుల క్లబ్బులు కావు. తగిన వయసు, ఆరోగ్యం ఉన్న ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పూర్ణ, ఆనంద్

మనకు బాగా దగ్గరి ఉదాహరణ 2014 నాటిది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ తండ్రి సైకిళ్లు బాగుచేసేవాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివారు. 2014 మే 25 ఉదయం వారు ఎవరెస్టు శిఖరం మీద నిలిచారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. పదహారేళ్లలోపు వారిని నేపాల్ అనుమతించదు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు.

ఈ వార్త విన్నప్పుడు అందరూ శిఖరాన్నే చూశారు. దాతలుగా మనం చూడవలసింది దాని వెనుక ఉన్న మెట్లను. గురుకులాల సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ పనికి పూనుకున్నారు. శిక్షణ బాధ్యత పర్వతారోహకుడు శేఖర్‌బాబు తీసుకున్నారు. వంద మందికి పైగా పిల్లలకు భువనగిరి కోట బండ మీద తాడు పట్టుకుని ఎక్కడం, దిగడం నేర్పారు. వారిలో 20 మందిని డార్జిలింగ్ పంపారు. ఆ తర్వాత లడఖ్ చలిలో మరో పరీక్ష పెట్టారు. ప్రతి మెట్టు దగ్గరా పిల్లల శక్తిని చూసుకుంటూ వచ్చి, చివరకు ఇద్దరిని ఎంపిక చేశారు.

శిఖరం తర్వాత కూడా పూర్ణ చదువు ఆగలేదు, ఎక్కడం ఆగలేదు. 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారోతో మొదలుపెట్టి, 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీతో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను పూర్తి చేసింది. ఎవరెస్టు నుంచి డెనాలీ వరకు ఎనిమిదేళ్లు. ఒక్క ప్రయాణానికి డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే ఇది జరిగేది కాదు. బీజం ఒక రోజు వేసినా నీరు ఏళ్ల తరబడి పోయాలి.

మస్తాన్‌బాబు చెప్పకుండానే చెప్పిన హెచ్చరిక

మస్తాన్ అనే పేరు మన కోస్తా జిల్లాల్లో ముస్లింల ఇళ్లలోనూ హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించిన ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కర రావు విగ్రహం అక్కడ ఉంది. ఆ విగ్రహమే మస్తాన్‌బాబుకు స్ఫూర్తి. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తా వంటి చోట్ల చదివినా, చిన్ననాటి ఆ కోరిక అతన్ని వదల్లేదు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కాడు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, చివరి దశలో ఒంటరిగా వెళ్లి, ప్రాణాలు కోల్పోయాడు.

పూర్ణ, ఆనంద్ టిబెట్ వైపు ఉన్న ఆ సీజన్లోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. కొండ ఎవరినీ మొహమాటంతో వదిలిపెట్టదు. ఎంతో అనుభవం ఉన్నవారికే ఇలా జరిగిందంటే, మన పిల్లలను పంపేటప్పుడు శిక్షకుని అర్హత, వైద్య పరీక్ష, బీమా ముందు చూడాలి. ఫొటోలు, సన్మానాలు తర్వాత.

పరిశోధన ఏం చెబుతోంది?

ఇలాంటి శిక్షణల మీద అప్పటివరకు జరిగిన 96 అధ్యయనాలను జాన్ హాటీ, మరో ముగ్గురు పరిశోధకులు కలిపి పరిశీలించి 1997లో ఫలితాలు ప్రకటించారు. ఆత్మవిశ్వాసం, తనను తాను అదుపులో పెట్టుకోవడం, నిర్ణయం తీసుకోవడం మెరుగైనట్టు, ఆ మెరుగు శిక్షణ ముగిసిన నెలల తర్వాత కూడా నిలిచినట్టు తేలింది. మనకు పనికొచ్చే మాటలు మరో మూడు ఉన్నాయి. 20 రోజులకు మించిన శిక్షణలు ఎక్కువ ఫలితం ఇచ్చాయి. బడి పిల్లల కంటే పెద్దవారికి ఎక్కువ మేలు కలిగింది. ఒక శిక్షణకూ మరో శిక్షణకూ ఫలితాల్లో చాలా తేడా ఉంది. అంటే కొండ దగ్గరికి తీసుకెళ్లినంత మాత్రాన మేలు జరగదు. ఎవరు తీసుకెళ్లారు, ఎన్ని రోజులు, ఎలా నడిపారు అన్నది ముఖ్యం. రెండు రోజుల విహారయాత్రకు ‘సాహస శిక్షణ’ అని బ్యానర్ కడితే దాతల సొమ్ము వృథా.

మన ఊరికి దీన్ని ఎలా అన్వయించుకోవాలి?

మొదటి మెట్టు మనకు దూరం కాదు. పొందుగల దగ్గర కృష్ణ దాటి, వాడపల్లి, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా వెళ్తే ఒక్క పూటలో భువనగిరి చేరవచ్చు. అక్కడి బండ మీద కొద్దిరోజుల ప్రాథమిక శిక్షణతో ఎవరికి ఆసక్తి, ఓర్పు ఉన్నాయో తెలుస్తుంది. అలా తేలిన ఒకరిద్దరిని డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోనో 28 రోజుల ప్రాథమిక కోర్సుకు పంపవచ్చు. మన పక్కనే ఉన్న నల్లమల పులుల అభయారణ్యం గనుక అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

కాలం విషయం మరచిపోకూడదు. మే నెల పల్నాటి ఎండలో బండ మీద నిలబడలేం. వానాకాలంలో బండ జారుతుంది. అనుకూలమైనది చలికాలం. సరిగ్గా అప్పుడే పత్తి తీతలుంటాయి, మిరప కోతలు మొదలవుతాయి. కూలికి వెళ్లే కుర్రాడు నెల రోజులు ఊళ్లో లేకపోతే ఆ ఇంటికి నెల కూలి పోతుంది. కోర్సు ఫీజు, రైలు టికెట్టు, బూట్లు, చలికోటు ఇచ్చి, పోయిన కూలి సంగతి వదిలేస్తే, అందరికంటే అవసరమున్న ఇల్లే ‘వద్దులే బాబూ’ అంటుంది. కాబట్టి ఆ కూలి కూడా మన లెక్కలో ఉండాలి.

ఆడపిల్లల విషయంలో మహిళా శిక్షకురాలు, విడి బస, తల్లిదండ్రులతో ముందుగా మాట్లాడటం తప్పనిసరి. పూర్ణ తల్లిదండ్రులు కూడా మన వీధిలోని తల్లిదండ్రుల్లాంటివారే. నమ్మకం కుదిరితేనే ఎవరైనా బిడ్డను పంపుతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది తిరిగొచ్చిన తర్వాతి ఏడాది. కొండ దిగిన కుర్రాడిలో ఉత్సాహం ఉంటుంది, చేతిలో పని ఉండదు. ఆ వారంలోనే అతన్ని కూర్చోబెట్టి ‘ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు’ అని అడిగే పెద్దమనిషి ఒకరు కావాలి. ఐటీఐలో చేరతాడా, పోలీసు పరీక్షకు తయారవుతాడా, నర్సింగ్ చదువుతుందా, సొంత దుకాణం పెడతాడా అన్నది వారి ఇష్టం. నెలకోసారి వెళ్లి అడిగి, కావలసిన చోట మాట సాయం చేసే బాధ్యత మనది. దీనికి డబ్బు కంటే సమయం ఎక్కువ కావాలి. మన దాతల్లో వ్యాపారులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క పిల్లవాడి వెంట, లేదా ఒక్క అమ్మాయి వెంట, ఏడాదిపాటు నిలవడం కూడా దానమే.

జకాత్‌కు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు గనుక, ఈ ఖర్చును ఏ పద్దులో రాయాలో ఉలమాను అడిగి, సదఖాగా ఇచ్చేవారి నుంచి వేరుగా సేకరించడం మంచిదని మా అభిప్రాయం.

చర్చకు మూడు ప్రశ్నలు

ఫీజు కట్టించి చదివించిన మన పిల్లల్లో, చదువు ముగిశాక ఏ దారీ తోచక ఆగిపోయినవారి పేర్లు మన దగ్గర ఉన్నాయా?

ఒక్కరిని పంపాలంటే కోర్సు ఖర్చుతోపాటు నెల కూలి కూడా కలిపి లెక్క వేయడానికి మనం సిద్ధమా?

తిరిగొచ్చిన తర్వాత ఏడాదిపాటు వారి వెంట నిలిచేవారు మనలో ఎవరు?

మూడో ప్రశ్నకు మనలో ఒక్కరైనా చెయ్యెత్తితే, మిగతా రెండిటికి జవాబు దొరకడం కష్టం కాదు. ఎవరూ ఎత్తకపోతే, ఇప్పటికి ఎవరినీ పంపకపోవడమే న్యాయం.