వంటగట్టుకు పింగాణీ పలక: ఎనిమిది అనుభవ పాఠాలు

ఇళ్లు కట్టించడమే పనిగా బతికినవాణ్ణి. మా కంకిపాడు వైపు వంటగట్టు అంటే ముందు కడప బండ, తర్వాత చీమకుర్తి నల్ల గ్రానైట్. ఇప్పుడు ఏ గృహప్రవేశానికి వెళ్లినా తెల్లటి పింగాణీ (పోర్సిలిన్) పలకలే కనిపిస్తున్నాయి. వేయించుకోదలచినవాళ్లకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు.

1. సిరామిక్, పోర్సిలిన్ ఒకటి కావు. గోడకు అంటించే సిరామిక్ టైలు తన బరువులో పది శాతానికి మించి నీరు పీల్చగలదు. పోర్సిలిన్‌కు ఆ లెక్క అర శాతం దాటకూడదు. సుమారు 1200 డిగ్రీల్లో కాలితే వచ్చిన బిగువు అది. చవకని గోడ టైళ్లు గట్టు మీద పరిపిస్తే అతుకుల్లో పసుపు దిగి నల్లబడతాయి.

2. షాపులో తళుకు చూసి బయానా ఇవ్వకండి. ఓ ముక్క ఇంటికి తెచ్చుకోండి. నూనెలో కలిపిన పసుపు ఒక మూల, చింతపండు గుజ్జు ఒక మూల, ఆవకాయ ఊట ఇంకో మూల పూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న గిన్నెల సబ్బుతో కడిగితే జాడ మిగలకూడదు. పాలరాయి, కడప బండ సున్నపు జాతి రాళ్లు, చింతపులుపుకే మెరుపు పోతుంది.

3. ముక్కను పక్కనుంచి చూడండి. గీతలు పైనే ఉండి లోపల వట్టి తెలుపైతే, సింకు చుట్టూ ఆ తెలుపే బయటపడుతుంది. ముందంచునైతే 45 డిగ్రీలకు కోసి అతికించాల్సిందే. షాపువాడు ‘ఫుల్ బాడీ’ (లోపలిదాకా అదే రంగు) అన్నా సరే, కళ్లతో చూసుకోండి.

4. డబ్బు కోసేవాడి మీద పెట్టండి. గ్రానైట్ అలవాటుతో బ్లేడు ఆనిస్తే అంచు పెచ్చులు లేస్తుంది. నీళ్లు ధారగా పడుతుండాలి. సింకు కంత పెట్టేటప్పుడు దగ్గరుండి చూడండి: పని తెలిసినవాడు ముందు నాలుగు మూలలా గుండ్రటి బెజ్జాలు వేసి, ఆ తర్వాతే ఒక బెజ్జం నుంచి ఇంకోదాని దాకా కోస్తాడు. మూల కోసుగా మిగిలితే చీలిక అక్కడే పుడుతుంది. కంతకూ ముందంచుకూ నడుమ రెండు మూడంగుళాలైనా ఉంచాలి.

5. 12, 15 మిల్లీమీటర్ల పలక కింద డొల్ల ఉండకూడదు. కడప బండ పరిచి రసమట్టం పెట్టి చూడండి. నీరు పీల్చని గుణమే ఇక్కడ చిక్కు, ఉట్టి సిమెంటు దాన్ని పట్టుకోదు. టైళ్ల గమ్మును పళ్ల తాపీతో అంతటా పరవాలి, మూలకో ముద్ద పెడితే చాలదు. ఆరాక వేలి కణుపుతో తట్టి వినండి, డొల్ల చప్పుడు రాకూడదు.

6. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పొలం మెరక చేసి కట్టిన కొత్త ఇంట్లో పొడవాటి గట్టంతా ఒకే పలక కావాలని పట్టుబట్టకండి. ఒక అతుకు పెట్టించండి, సింకు మీదకు మాత్రం రానివ్వకండి.

7. వేడికి భయం లేదు, దెబ్బకే భయం. పొయ్యి మీది బాణలి దించినా దీనికేం కాదు. అదే క్వార్ట్జ్ పలకైతే, అందులో రెసిన్ ఉంటుంది గనుక మచ్చ పడవచ్చు. కానీ అంచు మీద కొబ్బరికాయ కొట్టారా, పెచ్చు ఊడినట్టే. అతికించినా కనబడుతూనే ఉంటుంది.

8. ఎంచుకునే పెత్తనం వండేవాళ్లకివ్వండి. రోజూ గట్టు మీదే అల్లం వెల్లుల్లి దంచే ఇంటికి, నాలుగో పాఠంలోని పనివాడు దొరకని ఊరికి చీమకుర్తి గ్రానైటే మేలు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి పలక లారీలో వచ్చేస్తుంది. కోసే చెయ్యి మాత్రం దగ్గర్లోనే ఉండాలి.