భగవదనుకరణము: ప్రాచీన యూదుల ఆత్మభావము

ఆళ్లగడ్డ శిల్పులు ఒక దేవతామూర్తికి సరిపోలిన మూర్తులను ఎన్నియైనను చెక్కగలరు. వారి పనిని చూచినపుడెల్ల ప్రాచీన యూదుల దృష్టాంతమొకటి మాకు స్మరణకు వచ్చును. మనుజుడు ఒక్క ముద్రతో పెక్కు నాణెములను అచ్చొత్తినను అన్నియు నొక్కతీరుననే యుండును. ఈశ్వరుడు మనుజులనందఱిని ఆదిమానవుని ముద్రతోనే సృజించినను ఒకడు మఱియొకనివలె నుండడు.

ఈ మాట క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నాలో నున్నది. మరణశిక్షకు దగిన అభియోగములలో సాక్ష్యమిచ్చువారికి చేయవలసిన హెచ్చరికలో నిది భాగమగుట న్యాయవాదులమైన మాకు గమనింపదగినదిగా దోచినది. ఒక్క ప్రాణమును నశింపజేయుట లోకమునే నశింపజేయుటయని సాక్షికి బోధింపవలయునట. ప్రతివాడును లోకము తన నిమిత్తమే కలిగినదని యెంచుకొనవలయునట. ఇది గర్వము గాదు, బాధ్యత.

యూదులు ఈశ్వరునికి విగ్రహమును జేయరాదనిరి. ఆదికాండము ననుసరించి ఈశ్వరుని స్వరూపమున సృజింపబడినవాడు మనుజుడే. అట్లయిన మనుజు డీశ్వరుని అనుకరించుట యెట్లు? దహించు అగ్నియని చెప్పబడిన వానివెంట నడచుట సాధ్యమా? మూడవ శతాబ్దమునాటి హామా బర్ హనీనా యను పండితు డీ ప్రశ్ననే వేసి, ఆయన గుణముల ననుసరింపుడని సమాధానము చెప్పెను. ఆయన ఆదాము హవ్వలకు వస్త్రము లిచ్చెను, అస్వస్థుడైన అబ్రాహామును చూడవచ్చెను, తండ్రిని గోల్పోయిన ఇస్సాకు నోదార్చెను, మోషేను పాతిపెట్టెను. మీరును అట్లే చేయుడనెను. ఈ పట్టికలో పిడుగులు లేవు, ప్రళయము లేదు, దయయే కలదు.

ఇందు జీవుడు ఈశ్వరునిలో లీనమగుట లేదు. హెబ్రీ భాషలో నెఫెష్ అనగా ఊపిరితో, ఆకలితో, కోరికతో కూడిన సజీవుడగు మనుజుడే. అతడు తానుగానే నిలిచి, తన క్రియలకు తానే యుత్తరవాది యగును. పరిశుద్ధులు గండని విధించిన లేవీయకాండము పందొమ్మిదవ యధ్యాయమే, పొలము అంచులను బీదలకు విడువుమని, చెవిటివానిని తిట్టకుమని, తీర్పున పక్షపాతము చూపకుమని శాసించుచున్నది.

ఈ విచారము తెలుగునేలకు పరాయిది గాదు. గుంటూరు ప్రాంతమున చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, మాదిగ కుటుంబములకు జెందియు తాము యూదులమని చెప్పుకొను బెనె ఎఫ్రాయీము సమాజమువారు 1991లో ప్రార్థనామందిరమును నెలకొల్పిరి. ప్రతి మనుజుడును ఈశ్వరప్రతిరూపమే యైనచో, ఏ మనుజునినైనను ఊరికి వెలుపల నుంచుట యెట్లు న్యాయము?

చదువరులారా! ఆ యధ్యాయమే కూలివాని కూలిని తెల్లవాఱువఱకు నిలిపియుంచరాదని చెప్పుచున్నది. భగవదనుకరణమునకై దూరము పోనక్కఱలేదు. నేటి కూలిని నేడే చెల్లించితిమా యని ముందుగా మనలను మనమే ప్రశ్నించుకొందము.