పన్ను తీయించుకున్న అబ్బాయికి

చిన్నా,

కింది దవడలో అడ్డం తిరిగిన జ్ఞానదంతాన్ని పొద్దున చిగురు కోసి, ముక్కలు చేసి తీశారని మీ అమ్మ చెప్పింది. నొప్పి కన్నా ఇంట్లోవాళ్ల సలహాలతోనే ఎక్కువ వేగిపోతున్నావట. ఇదీ సలహానే. కాకపోతే పళ్ల డాక్టర్ల పక్కన నర్సుగా నిలబడి రిటైరైనదాన్ని కదా, ఈ రాత్రి పడుకోబోయే ముందే చదివెయ్.

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి ఉంటుంది. లోపలి ఎముకకు, నరాలకు ఇప్పుడదే కప్పు. కొత్త కండ పట్టేదీ దాని ఆసరాతోనే. అది ఊడిందా, మూడు నాలుగు రోజుల్లో చెవిదాకా లాగే నొప్పి, నోట్లో కంపు మొదలవుతాయి. డ్రై సాకెట్ అంటారు. మాత్రలకు అంత తేలిగ్గా లొంగదు. మళ్లీ వెళ్లి గుంట కడిగించుకుని మందు పెట్టించుకోవాలి.

అందుకే ఉమ్మొద్దు. రక్తం రుచి తగలగానే సింకు దగ్గరికి పరుగెత్తి, పుక్కిలించి ఉమ్మడం మనవాళ్లకు అలవాటు. చుక్క రక్తం కలిసినా ఉమ్మంతా ఎర్రగానే కనిపిస్తుంది, రేపటిదాకా అది మామూలే. మింగెయ్, లేదా ముందుకు వంగి నోరు తెరువు, దానంతటదే కారిపోతుంది. నిజంగానే రక్తం నిండుతుంటే, వాళ్లిచ్చిన గాజుగుడ్డ మడిచి గుంట మీద పెట్టి అరగంట గట్టిగా కరిచిపట్టుకో. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడకు, అందరూ చేసే పని అదే. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్.

బాబాయి కొబ్బరిబొండాలు తెచ్చాడట. గ్లాసులో పోసుకుని తాగు, స్ట్రా వద్దు, పీల్చినా ఆ గడ్డ ఊడొచ్చు. సిగరెట్టు సంగతి మీ నాన్నకు తెలియదనుకుంటున్నావేమో, నాకు మాత్రం తెలుసు. పీల్చడం ఒక ఎత్తు, ఆ పొగ గాయానికి రక్తం సరిగా అందనివ్వకపోవడం ఇంకో ఎత్తు. కనీసం మూడు రోజులు ముట్టకు. వారం ఆగితే మరీ మంచిది.

ఇక పప్పు తింటే చీము పడుతుందని మీ నానమ్మ అంటోందట. ఆసుపత్రిలో ఈ మాట వినని రోజు లేదు. చీము పట్టించేది క్రిములు, పెసరపప్పు కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. గుడ్డు కూడా ముట్టనివాడివి, పప్పూ పెరుగూ మానేస్తే అవి ఎక్కణ్నుంచి వస్తాయి? పులగం మెత్తగా వండించుకుని చల్లార్చి తిను. పెరుగన్నం మెత్తగా పిసుక్కో, పోపు మాత్రం వేయనీయకు, ఆవగింజ గుంటలో ఇరుక్కుంటే నానా యాతన. రాగిజావ కూడా ఆరాకే తాగు. ఆవకాయ, జంతికల జోలికి పోకు. గుంటలో పసుపో లవంగమో కుక్కుతానని ఎవరైనా వస్తే, పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పు.

ఐసు బట్టలో చుట్టి బుగ్గ మీద పావుగంట పెట్టు, పావుగంట తియ్యి. రేపటిదాకా చాలు. రాత్రి తల కింద ఇంకో దిండు వేసుకో. వాపు రెండు మూడు రోజులు పెరిగాకే తగ్గుతుంది కాబట్టి ఎల్లుండి అద్దంలో చూసుకుని హడలిపోకు. రేపటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్నప్పుడల్లా నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నీళ్లను మెల్లగా జారవిడువు.

నొప్పి మాత్రను నొప్పి ముదరకముందే, ఏదైనా తిని వేసుకో. యాంటీబయాటిక్ రాసి ఉంటే నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకు. చీటీలో మెట్రోనిడజోల్ ఉంటే స్నేహితుల పార్టీలో మందు ముట్టకు, కడుపులో తిప్పేస్తుంది.

మూడు రోజులు దాటాక వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, పెదవి తిమ్మిరి రేపటికీ వదలకపోయినా డాక్టరుకు చెప్పు. మింగడం గాని ఊపిరి తీసుకోవడం గాని కష్టమైతే అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లు, తెల్లారేదాకా ఆగకు.

వేసినవి కరిగిపోయే కుట్లో, విప్పించుకోవాల్సినవో డాక్టరును అడిగి రేపు నాకు చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ