బావిమోటారు ఏల కాలును? వోల్టు, ఆంపియరు, ఓముల లెక్క

బావులమీదను బోర్లమీదను నడచు మోటార్ల వైండింగు కాలిపోయినప్పుడెల్ల మన రైతులు మోటారు చేసినవానినో, దానిని చుట్టినవానినో నిందించుట వాడుక. మేము చూచినంతవరకు, అనేక పర్యాయములు దోషము మోటారునందు గాక దానికి కరెంటు తెచ్చు తీగెయందే యుండును. ఇది లెక్కవలన తెలిసికొనదగిన సంగతి. గుణకారము, భాగహారము వచ్చిన రైతెవ్వరైనను ఈ లెక్క చేయగలడు.

కరెంటును పైపులోని నీటితో పోల్చి చూడుడు. నీటిని ముందుకు త్రోయు ఒత్తిడివంటిది వోల్టు. పారు నీటి పరిమాణమువంటిది ఆంపియరు. పైపు సన్నగాను పొడవుగాను ఉండుటచే కలుగు అడ్డువంటిది నిరోధము. దానిని ఓములలో కొలుతురు. జర్మనీ దేశమున బడిపంతులుగా నుండిన గేయార్గ్ సైమన్ ఓమ్ అను నతడు 1827లో ప్రకటించిన సూత్రము ప్రకారము, వోల్టులను ఆంపియర్లచే భాగించిన ఓములు వచ్చును. ఇక వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్లు వచ్చును. వేయి వాట్లు ఒక గంటసేపు ఖర్చయిన ఒక యూనిటు.

నీళ్లు కాచు 1,000 వాట్ల రాడ్డును తీసికొందము. 230 వోల్టులమీద అది 1,000ని 230చే భాగింపగా వచ్చు 4.35 ఆంపియర్లు తీసికొనును. 230ని 4.35చే భాగింపగా దాని నిరోధము రమారమి 53 ఓములు. సాయంకాలమున వోల్టులు 180కి పడిపోయినవనుకొనుడు. 180ని 53చే భాగింపగా 3.4 ఆంపియర్లు, 180ని 3.4చే గుణింపగా 612 వాట్లు మాత్రమే. నీళ్లు ఆలస్యముగా కాగును గాని రాడ్డునకు హాని లేదు.

మోటారు స్వభావము దీనికి విరుద్ధము. అది తీగెచుట్టలలోని అయస్కాంతబలముచే తిరుగునది గనుక, వోల్టులను ఆంపియర్లచే భాగించి దాని నిరోధము చెప్పుటకు వీలుకాదు. మూడు ఫేజుల మోటారునకు వోల్టులను, ఆంపియర్లను, 1.732ను, పవరు ఫ్యాక్టరును కలిపి గుణించిననే వాట్లు వచ్చును. వోల్టులు తగ్గినను పంపు ఎత్తవలసిన నీరు అంతగా తగ్గదు. అందుచే మోటారు ఆ లోటును ఆంపియర్లతో పూడ్చుకొనజూచును. రాడ్డు చల్లబడుచోట మోటారు వేడెక్కును.

5 హార్సుపవరు మోటారు నొకదానిని లెక్కింతము. హార్సుపవరునకు 746 వాట్ల చొప్పున అది చేయు పని 3,730 వాట్లు. లోపల నష్టపడునది కలుపగా తీసికొనునది సుమారు 4,550 వాట్లు. పవరు ఫ్యాక్టరు 0.85 అయినచో 415 వోల్టులమీద ఇది ఏడున్నర ఆంపియర్లు. స్తంభమునుండి బావికి 300 మీటర్లు, వేసినది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగెకు కిలోమీటరునకు రమారమి 18 ఓములు. దీనిని 2.5చే భాగించి 0.3చే గుణింపగా ఒక్కొక్క తీగెకు 2.16 ఓములు.

స్తంభమువద్ద 380 వోల్టులే యున్నవనుకొనుడు. మోటారు 8.9 ఆంపియర్లు లాగుచుండును. 8.9ని 2.16చేతను 1.732చేతను గుణింపగా, తీగెలో పోవునవి 33 వోల్టులు. మోటారునకు చేరునవి 347. వైండింగులో పుట్టు వేడి ఆంపియర్ల వర్గముననుసరించి పెరుగును గనుక, ఏడున్నరకు మారు 8.9 అయినప్పుడు వేడి నూటికి 40 వంతులు హెచ్చును. తీగె తానును 500 వాట్లకు పైగా తినివేయును. రోజునకు 7 గంటలు నడచినచో మూడున్నర యూనిట్లు ఒక గింజకైనను నీరు పెట్టకయే పోయినవి.

అదే దూరమునకు 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె వేసిన నిరోధము 0.9 ఓము, నష్టము 13 వోల్టులు, తీగె తినునది 190 వాట్లు. అల్యూమినియము వేయువారు రాగికంటె ఒకటిన్నర రెట్లకు మించిన లావుగలది వేయవలయును. బోరులోనికి దిగిన కేబులు నిడివిని గూడ లెక్కలో చేర్చవలయును.

2004 నుండి మన ప్రాంతమున సేద్యపు కరెంటు ఉచితమే కదా, తీగె తిన్న నేమి యని కొందరందురు. కరెంటు ఉచితము గాని వైండింగు ఉచితము గాదు. పైరు పొట్టమీద నున్నప్పుడు మోటారు వారముదినములు చుట్టింపుశాలలో పడియున్న నష్టమును ఎవ్వరును తీర్చరు. ఒక ట్రాన్సుఫార్మరుమీద నున్న మోటార్లన్నియు హెచ్చు ఆంపియర్లు లాగిన, ఇరుగుపొరుగు పొలములవారికిని వోల్టులు పడును. మోటారు మాటిమాటికి ఆగుచున్నదని స్టార్టరులోని రిలేను పైకి త్రిప్పివేయుట, లేక తప్పించి కట్టుట అన్నిటికంటె చెడ్డపని. ఆగుటయే దాని ధర్మము. మోటారు పలకమీద వ్రాసిన ఆంపియర్లకే దానిని నిలుపవలయును.

ఇక కొలుచుట. దీనిని స్వయముగా చేయబూనక, లైసెన్సుగల వైర్‌మనుచే చేయింపవలయును. మోటారు వేయకముందు స్టార్టరుమీది మీటరు చూచి వోల్టులు బాగున్నవనుట పొరపాటు. ఆంపియర్లు పారనిదే తీగెలో నష్టము కానరాదు. మోటారు నడచుచుండగా సర్వీసు మొదటను స్టార్టరువద్దను వోల్టులు చూపింపుడు. ఆ రెంటి భేదమే తీగె తినునది.

చదువరులు ఈ లెక్కను చేసి చూడవచ్చును: 3 హార్సుపవరు మోటారు 4.6 ఆంపియర్లు లాగుచున్నది. దూరము 200 మీటర్లు. తీగె 4 చదరపు మిల్లీమీటర్ల రాగి. తీగెలో పోవు వోల్టులెన్ని? ఏడునకు కొంచెము పైన వచ్చిన సరిగా చేసినట్లే.