చిన్న తరగతుల చెల్లెళ్ళ చేత బొమ్మలు వేయించడం ఎలా?

ఈ నెల గోడ పత్రికలో నేను బొమ్మల పాఠం రాస్తున్నాను. ఇది ముఖ్యంగా 8, 9 తరగతుల వాళ్ళ కోసం. మన ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి నుంచి ఉన్నారు కాబట్టి చిన్నవాళ్ళని చూసుకునే పని మనదే. జడలు వేస్తున్నాం, పేలు చూస్తున్నాం, స్టడీ అవర్లో ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాం. ఇప్పుడు శనివారం ఆఖరి పీరియడ్ వాళ్ళకి బొమ్మల కోసం ఇచ్చినారు. మనకి డ్రాయింగు టీచరు లేరు. అందుచేత మనమే వాళ్ళ దగ్గర కూర్చోవాలి. పీరియడ్ బాగా జరిగితే ఉంటాది, అల్లరి అయితే లెక్కలకి పోతాది అని చెప్పినారు. ఆ గంట పోకుండా ఎలా నడపాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఇప్పుడు ఏమి జరుగుతున్నది?

నవంబరు 14 బాలల దినోత్సవానికి చిన్నవాళ్ళు వేసిన బొమ్మలు వరండాలో అతికించినాం. మీరందరూ చూసినారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక పెంకుటిల్లు, పక్కన కొబ్బరి చెట్టు, ముందు ఏరు, ఏట్లో బాతు. నేను లెక్క పెట్టినాను. 32 కాగితాల్లో 27 కాగితాలు ఇదే బొమ్మ. మన కొండల మీద జీడిమామిడి ఉంది, చింత ఉంది, పనస ఉంది, జీలుగు ఉంది, అనాస తోటలు ఉన్నాయి. అవి ఒక్క కాగితంలోనూ లేవు. కొబ్బరి చెట్టు మాత్రం అందరి ఇంటి ముందూ ఉంది!

పిల్లలకి కళ్ళు లేక ఇలా జరగలేదు. ఎవరో ఒకరు బోర్డు మీద వేసి, చూసి దించండి అన్నారు. వాళ్ళు దించినారు. దించితే చెయ్యి తిరుగుతాది, అది మంచిదే. కానీ ఎప్పుడూ దించడమే నేర్పితే, బొమ్మ అంటే బోర్డు మీద ఉండేది, మా ఊళ్ళో ఉండదు అని పిల్ల అనుకుంటాది. కాబట్టి ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇది: చిన్నవాళ్ళకి మనం బొమ్మ వేసి ఇవ్వకూడదు. వాళ్ళు చూసింది వాళ్ళ చేత వేయించాలి.

2. మన గోడల మీది బొమ్మలు

బొమ్మలు మనకి బడిలోనే తెలిసినాయా? లేదు. సవర ఇళ్ళల్లో గోడ మీద బొమ్మలు వేయడం చాలా పాత కాలం నుంచి ఉంది. మన వైపు దానిని ఎడిసింగ్ అంటారు. ఒడిశాలో ఉన్న సవరలు ఇడితాల్ అంటారు. ముందు గోడకి ఎర్రమట్టి అలుకుతారు. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, పుల్ల చివర నలగ్గొట్టి కుంచెలాగ చేసి, తెల్లని బొమ్మలు వేస్తారు. మొదట చుట్టూ నాలుగు పలకల గడి గీస్తారు. అది ఇల్లు అన్నమాట. తర్వాత లోపల మనుషులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్ళు, జింకలు నింపుతారు.

ఇది ఊరికే అందానికి వేసేది కాదు. చనిపోయిన పెద్దల కోసం, పంట బాగుండాలని, ఇంట్లో జబ్బు పోవాలని వేస్తారు. వేసిన తర్వాత బియ్యం, కల్లు పెట్టి పెద్దల్ని పిలుస్తారు. ఇందులో మనం గమనించవలసింది ఒకటి ఉంది. తర్వాత కాలంలో ఆ గడిలోకి సైకిలు, రైలు, విమానం కూడా వచ్చినాయి. అంటే ఆ బొమ్మ వేసినవాళ్ళు పాతదే దించుకుంటూ కూర్చోలేదు. కొత్తది చూస్తే కొత్తది వేసినారు. చదువు లేనివాళ్ళు అని మనం అనే మన తాతలే ఈ పని చేసినారు.

వెరియర్ ఎల్విన్ అనే పెద్దాయన ఒడిశా కొండల్లో సవర ఊళ్ళల్లో తిరిగి ఈ బొమ్మల గురించి రాసినారు. మధ్య భారతదేశపు గిరిజన కళల మీద ఆయన పుస్తకం 1951లో వచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళల్లో స్లాబు ఇళ్ళు వస్తున్నాయి. సిమెంటు గోడకి ఎర్రమట్టి సరిగ్గా పట్టదు. గోడ పోతే బొమ్మ ఎక్కడికి పోవాలి? పిల్లల చేతిలోకి రావాలి. అందుకే ఈ శనివారం గంట చిన్న విషయం కాదు.

3. ఇతర చోట్ల గిరిజన చిత్రకారులు

మహారాష్ట్రలో వార్లీలు అనే గిరిజనులు ఉన్నారు. వాళ్ళ బొమ్మలు కూడా ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితోనే. రెండు త్రికోణాలు కొనలు కలిపితే మనిషి ఒళ్ళు అవుతాది. అక్కడ ముందు ఆడవాళ్ళే పెళ్ళిళ్ళకి వేసేవాళ్ళు. జివ్యా సోమా మాషే అనే ఆయన 1970ల నుంచి పెళ్ళి లేకపోయినా రోజూ వేయడం మొదలుపెట్టినారు. ఆయనకి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2018లో చనిపోయినారు. చిన్నప్పుడు చాలా కాలం ఎవరితోనూ మాట్లాడకుండా మట్టిలో బొమ్మలు గీసేవారని ఆయన గురించి చెప్తారు.

మధ్యప్రదేశ్‌లో భూరీబాయి అనే భిల్లు మహిళ ఉన్నారు. భోపాల్‌లో భారత్ భవన్ అనే పెద్ద కళా భవనం 1982లో తెరిచినారు. దానిని కట్టేటప్పుడు ఆమె అక్కడ కూలి పని చేసినారు. జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు, మీ ఇళ్ళల్లో బొమ్మలు ఎలా వేస్తారో వేసి చూపించు అని అడిగినారు. కాగితం, రంగులు ఇచ్చినారు. ఏమి వేయాలో ఆయన చెప్పలేదు. ఆమె తన ఇంటి గోడ మీద వేసేవి కాగితం మీద వేసినారు. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. ఇందులో నేర్పినది ఎవరు? ఎవరూ లేరు. అడిగినవాళ్ళు ఒకరు ఉన్నారు. మనం చిన్నవాళ్ళకి అలా అడిగేవాళ్ళం కావాలి.

4. కావలసిన సామాను

రంగుల పెట్టెలు మన దగ్గర లేవని ఆగిపోనక్కర్లేదు.
నలుపు: వంటశాల పొయ్యిలో చల్లారిన బొగ్గు.
ఎరుపు: ఏటి గట్టు ఎర్రమట్టి, గుడ్డలో జల్లించినది.
తెలుపు: నానబెట్టి నూరిన బియ్యం.
పసుపు: పసుపు పొడి.
ఆకుపచ్చ: చిక్కుడాకు నూరిన రసం.
రంగు కాగితానికి అంటుకోవడానికి కొంచెం గంజి గాని, తుమ్మ జిగురు నీళ్ళు గాని కలపాలి. కుంచెకి వెదురు పుల్ల చివర రాయితో నలగ్గొట్టాలి. కాగితానికి పాత పరీక్ష పేపర్ల వెనక వైపు చాలు. కాగితం లేకపోతే నేల ఉంది.

ఒక తమాషా కూడా చూపించవచ్చు. పసుపు నీళ్ళలో కొంచెం సున్నం కలిపితే ఎర్రగా మారుతాది. సున్నం క్షారం కాబట్టి పసుపు రంగు మార్చుకుంటాది. ఇది మన సామాన్య శాస్త్రం పాఠమే. కానీ సున్నం కంట్లో పడితే ప్రమాదం, అందుకని ఆ కలపడం పెద్దవాళ్ళమే చెయ్యాలి.

5. గంట నడిపే పద్ధతి

మొదటి 10 నిమిషాలు: కాగితం ఇవ్వవద్దు. బయటికి తీసుకెళ్ళి ఒక్కటి చూపించండి. చీమల వరస గాని, వంటశాలలో పప్పు తిప్పే ఆమె చెయ్యి గాని, చింత చెట్టు మొదలు గాని. తర్వాత కళ్ళు మూసుకుని, ఏమేమి చూసినారో చెప్పమనండి.

తర్వాత 30 నిమిషాలు: వేయడం. బోర్డు మీద మనం ఏమీ గీయకూడదు. రబ్బరు ఇవ్వకూడదు. రబ్బరు ఉంటే సగం సేపు చెరపడమే అవుతాది.

తర్వాత 15 నిమిషాలు: ఎవరి బొమ్మ గురించి వాళ్ళు చెప్పాలి. తెలుగు రాకపోతే సవరలో చెప్పనివ్వండి. మనం కింద తెలుగులో పేరు రాసి పెట్టాలి.

ఆఖరి 5 నిమిషాలు: నేల తుడిచి, పుల్లలు కడిగి పెట్టడం. ఇది చేస్తే అల్లరి అయిందని ఎవరూ అనలేరు.

"నాకు రాదక్కా" అని కొందరు కూర్చుంటారు. అప్పుడు, మీ ఇంటి నుంచి నీళ్ళకి పోయే దారి గీయు అనండి. దారి అందరూ గీయగలరు. దారి గీసినాక, పక్కన ఏటి ఉంది, ఎవరు ఎదురొచ్చినారు అని అడగండి. రాయి వస్తాది, కుక్క వస్తాది, కట్టెల మోపుతో అమ్మ వస్తాది. కాగితం నిండిపోతాది.

6. చేయకూడనివి

వాళ్ళ బొమ్మ మీద మన చెయ్యి పెట్టకూడదు. మార్కులు, ఫస్టు, సెకండు పెట్టకూడదు. నవ్వకూడదు. "ఇదేటి, ఏనుగులాగ లేదు" అనకూడదు.

దీనికి ఒక ఉదాహరణ. మూడో తరగతిలో ఒక చెల్లికి తెలుగు రాదు. టీచరు గారు ఏమి అడిగినా తల దించుకుంటాది. మొన్న శనివారం ఆమె బొగ్గుతో కాగితం నిండా నాలుగు లావు స్తంభాలు వేసింది. కింద మూల గోరంత ఇల్లు. ఏనుగు అని చెప్పింది. పక్క పిల్లలు, తొండం ఏది, చెవులు ఏవి అని నవ్వినారు. నేను సవరలో అడిగినాను. ఒడిశా వైపు నుంచి ఏనుగులు దిగిన రాత్రి ఆమె మంచం కింద దాక్కుందట. తలుపు సందులోంచి కాళ్ళే కనిపించినాయట. తాత డబ్బా వాయించినాడట. వరి మొత్తం తొక్కేసినాయట. అంత కథ ఆమె నోట ఈ బడిలో ఎవరూ వినలేదు. చివర్లో డబ్బాని తెలుగులో ఏమంటారు, తొక్కడాన్ని ఏమంటారు అని తనే అడిగింది.

మనం ముందే తొండం పెట్టించి ఉంటే బొమ్మ పుస్తకంలో ఏనుగులాగ అయ్యేది. ఆ రాత్రి మాత్రం పోయేది. కాబట్టి బొమ్మ తప్పుగా కనిపిస్తే దిద్దకండి. ఇక్కడ ఏమి జరుగుతున్నది అని అడగండి.

గిడుగు రామమూర్తి పంతులు గారి (1863–1940) పాఠం మనం చదువుకున్నాం. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టి పుస్తకాలు రాసినారు. పిల్లకి తెలిసిన మాటతో మొదలుపెడితే తెలియని మాట వస్తాది అని ఆయన నమ్మకం. బొమ్మ కూడా అలాంటి తెలిసిన మాటే అని నాకు అనిపించింది.

7. సందేహాలు, జవాబులు

ప్రశ్న: ఎక్కాలు రాని పిల్లలకి బొమ్మలు ఎందుకు?
జవాబు: చూసింది గుర్తు పెట్టుకోవడం, చోటు సరిపోతాదా అని కొలుచుకోవడం, మొదలుపెట్టింది పూర్తి చెయ్యడం బొమ్మలో ఉన్నాయి. పువ్వు భాగాలు, పటాలు గీయడానికి కూడా అదే చెయ్యి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికలో పదో తరగతి వరకు కళలు అందరికీ ఒక సబ్జెక్టుగా ఉండాలని రాసినారు. అంటే ఇది ఆటవిడుపు కాదు, చదువులో భాగమే.

ప్రశ్న: పెద్దల కోసం వేసే ఎడిసింగ్ బొమ్మని మనం కాగితం మీద వేయవచ్చా?
జవాబు: సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో పెద్దల్ని, ఊళ్ళో ఎజ్జోడిని అడగండి. ఏది పూజ బొమ్మ, ఏది ఎవరైనా వేయవచ్చు అనేది వాళ్ళు చెప్తారు. వద్దన్నది వేయకండి. కానీ పిండి ఎలా కలుపుతారు, గడి ఎలా కొలుస్తారు, పుల్ల ఏ చెట్టుది అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. అడగకపోతే ఆ సంగతులు వాళ్ళతోనే పోతాయి.

ప్రశ్న: మనకే బొమ్మలు రావు, ఎలా నేర్పాలి?
జవాబు: నేర్పక్కర్లేదు. సామాను సర్దాలి, చూపించాలి, అడగాలి, వినాలి. ఇది ఎవరైనా చేయగలరు.

8. అభ్యాసం

(అ) వచ్చే శనివారం లోపల ప్రతి పెద్దక్కా ఇద్దరు చిన్నవాళ్ళని ఎంచుకోవాలి. వాళ్ళలో ఒకరైనా క్లాసులో మాట్లాడని పిల్ల అయి ఉండాలి.
(ఆ) దారి బొమ్మ ఒకటి, రాత్రి చూసింది ఒకటి వేయించాలి.
(ఇ) బొమ్మ కింద పిల్ల చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాయాలి. మన సొంత మాటలు కలపకూడదు.

ఈ పత్రికలో కింది వరస ఖాళీగా వదిలినాం, గమనించినారు కదా. మైదా జిగురు తయారుగా ఉంది. ఆ బొమ్మలు అక్కడ అతికించాలి. మూడో తరగతి వాళ్ళు మునివేళ్ళ మీద లేవకుండా చూసుకునే ఎత్తు అది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని