కటింగ్ పడింది సరే, నంబరు వచ్చిందా?

శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక బోధన్ పిల్లల్లో చాలామందికి పొద్దున్నే నిజామాబాద్ బస్సు ఎక్కక తప్పడం లేదు. మిల్లులు, గోదాములు, షోరూములు, ప్రైవేటు ఆస్పత్రుల్లో పన్నెండు నుంచి పద్దెనిమిది వేల జీతానికి చేరుతున్నారు. చేరిన రోజు జీతమెంత, సెలవెప్పుడు అని అడుగుతారు గానీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నంబరెంత అని అడిగేవాళ్లు తక్కువ. జీతాల రిజిస్టరు ముందు చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా. ఆ నంబరు మొదటి పది రోజుల్లోనే మీ చేతికి రావాలి.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్లందరికీ ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం కట్ చేస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతాడు. పదహారు వేల జీతమైతే మీది 120, ఆయనది 520. "ఓటీతో కలిపి 21 వేలు దాటింది, నీకు రాదు" అని కొన్నిచోట్ల చెబుతారు. నమ్మకండి, ఆ పరిమితికి ఓవర్‌టైం లెక్కలోకి రాదు.

పేస్లిప్‌లో కటింగ్ కనబడితే అంతా సక్రమంగా ఉందనుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. నాకు తెలిసిన ఒక కుర్రాడు జూన్‌లో గోదాములో చేరాడు. మూడు నెలలు కటింగ్ పడింది. సెప్టెంబరులో బెల్టులో చెయ్యి పడింది. చూస్తే అతని పేరు ఈఎస్‌ఐ పోర్టల్‌లోనే లేదు! గుమాస్తా హడావుడిగా నంబరు తీశాడు, అంటే ప్రమాదం జరిగిన మర్నాడు పుట్టిన నంబరన్నమాట. ఎవరికైనా అనుమానం వస్తుంది కదా. నెలల తరబడి తిరిగాక డబ్బు వచ్చింది. అదైనా వాళ్లమ్మ మూడు పేస్లిప్పులూ నాలుగు మడతలు పెట్టి పప్పు డబ్బాలో దాచడం వల్ల. ఒకదానిమీద పసుపు మరక కూడా ఉంది. తేదీ, కటింగ్ మాత్రం స్పష్టంగా కనబడ్డాయి, కేసు నిలబడింది.

కాబట్టి చేరిన వారంలోనే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇంట్లోవాళ్ల వివరాలు ఇచ్చి పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు, ఈ-పెహచాన్ గుర్తింపు కార్డు ప్రింటు అడిగి తీసుకోండి. మీ డిస్పెన్సరీ ఏదో ఆ కాగితం మీదే ఉంటుంది. పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడిందా, భార్యా పిల్లలు, మీమీద ఆధారపడిన అమ్మానాన్నల పేర్లు ఎక్కాయా అని అక్కడే నిలబడి చూసుకోండి. పెళ్లికాక ముందు చేరి, పెళ్లయ్యాక భార్య పేరు చేర్పించనివాళ్లు ఎంతోమంది. కాన్పు దగ్గర పడ్డాక పరుగులు పెడతారు.

ఇదివరకు హైదరాబాద్‌లో పనిచేసి ఉంటే పాత నంబరే ఇవ్వండి. నంబరు జీవితకాలం ఒక్కటే. "కొత్తది తీస్తే తొందరగా అయిపోతుంది" అనే గుమాస్తా మాట వింటే మీ పాత రోజులు ఒక చోట, కొత్త రోజులు మరో చోట పడతాయి. రేపు సిక్ లీవు డబ్బు అడిగితే రెండు వైపులా లెక్క తక్కువవుతుంది.

ఆ లెక్క కూడా తెలుసుకోండి. డాక్టరు, మందులు చేరిన రోజు నుంచే. జబ్బు చేసి ఇంట్లో ఉంటే వచ్చే 70 శాతం జీతం మాత్రం వెంటనే రాదు. ఆర్నెల్ల పీరియడ్‌లో 78 రోజులకు కట్టి ఉండాలి. మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆ డబ్బు మొదలయ్యేది తొమ్మిది నెలల తర్వాతే. జులై 1న చేరితే ఏప్రిల్ 1 నుంచి. ఆ తొమ్మిది నెలలకు చేతిలో కొంత ఉంచుకోండి. పనిలో దెబ్బ తగిలితే ఈ షరతులేవీ లేవు, మొదటి రోజు నుంచే 90 శాతం. డ్యూటీకి వస్తూ పోతూ రోడ్డు మీద జరిగినదీ, పనితో సంబంధం రుజువైతే, ఇందులోకే వస్తుంది. బోధన్ నుంచి బైకు మీద నైట్ షిఫ్టుకు వచ్చేవాళ్లు ఇది మరవొద్దు. ప్రమాదాన్ని అదే రోజు రాతపూర్వకంగా మేనేజరుకు చెప్పండి.

యజమాని ప్రతి నెలా 15లోపు గత నెల డబ్బు కట్టాలి. 20న ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిచి పడిందో లేదో చూడండి. రెండు నెలలు పడకపోతే ముందు నెమ్మదిగా అడగండి, తర్వాత ఈఎస్‌ఐ ఆఫీసుకు కాగితం పెట్టండి.

ఇక చెరకు క్రషింగ్ సీజనుకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. 1948 చట్టం చక్కెర ఫ్యాక్టరీల వంటి సీజనల్ ఫ్యాక్టరీలను ఈఎస్‌ఐ బయటే ఉంచింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే మాట. ప్రాణాలు పణంగా పెట్టే పనిలో ఇది అన్యాయమే, కానీ ఉన్నది ఉన్నట్టు తెలియాలి. మీకు ఆధారం ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా. మామూలు జ్వరానికి రాదు, జాబితాలో ఉన్న చికిత్సలకే. దానికి ఆధారం రేషన్ కార్డు. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే ఆస్పత్రిలో మీ కార్డు ఆమెకు పనికిరాదు. అక్కడ తీయించి, ఇక్కడ చేర్పించడానికి మీసేవలో దరఖాస్తు పెట్టాలి. సమయం పట్టే పని, క్రషింగ్ మొదలయ్యేలోపే వెళ్లండి.