ఒంటికొరకు పస్తు, దేవునికొరకు ఉపవాసము

చదువవలసిన భాగములు: యెషయా 58వ అధ్యాయము, మత్తయి 6:16–18, దానియేలు 1:8–16



2024వ సంవత్సరపు లెంటు దినములలో మా సంఘమందు జరిగిన సంగతితో ఈ పాఠము మొదలుపెట్టుచున్నాము. ఒక సహోదరి రాత్రి ఎనిమిది గంటలకు భోజనము ముగించి, మరునాడు మధ్యాహ్నము పండ్రెండు గంటలవరకు ఏమియు తినక ఆ నలువది దినములు గడపవలెనని తీర్మానించుకొనెను. ఆమె భక్తిని మేము ఆరాధనలో అందరియెదుట మెచ్చుకొంటిమి. మూడవ ఆదివారమున ప్రసంగము నడుచుచుండగా ఆమెకు చెమటలు పట్టెను, చేతులు వణకెను, ప్రక్కనున్నవారిమీదికి ఒరిగిపోయెను. మా సంఘములోని నర్సమ్మ చక్కెర నీళ్లు త్రాగించగా కొంతసేపటికి తేరుకొనెను. ఆమె చక్కెరవ్యాధికి మాత్రలు వాడుచున్నదనియు, ఉదయము మాత్ర వేసికొని తిండి మాత్రము మానినదనియు మాకు అప్పుడే తెలిసినది.

సాయంకాలము పరామర్శకు వెళ్లగా ఆమె తలవంచుకొని, "అయ్యగారూ, దేవుని పేరు చెప్పాను గాని, బరువు తగ్గమన్నారండి డాక్టరుగారు. పిల్లలు ఫోనులో ఈ పద్ధతి చూపించారు. మీరు అందరిలో మెచ్చుకున్నాక మానాలంటే సిగ్గేసింది" అనెను. ఆ మాట మమ్మును గ్రుచ్చినది. విచారింపక పొగడిన తప్పు మాదే.

1. ఈ పద్ధతి యేమి?

దినములో పదునారు గంటలు తినక, మిగిలిన ఎనిమిది గంటలలోనే భోజనము ముగించుట ఒక విధము. వారములో ఐదు దినములు మామూలుగా తిని, రెండు దినములు మిక్కిలి తక్కువ తినుట మరియొక విధము. తినని వేళ శరీరము కాలేయములో దాచుకొన్న చక్కెరను ముందు వాడుకొనును. చేతిలోని డబ్బు అయిపోగా పెట్టెలోని సొమ్ము తీసినట్లు, పిమ్మట క్రొవ్వును ఎక్కువగా కరగించుకొనును.

ఇందులో మంత్రమేమియు లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌ పట్టణమందు వైద్యులు స్థూలకాయులైన 139 మందిని ఒక సంవత్సరము పరీక్షించి, 2022లో ఫలితము ప్రకటించిరి. అందరికిని ఆహారము తగ్గించి, వారిలో ఒక గుంపును మాత్రము ఉదయము 8 మొదలు సాయంకాలము 4 లోపలనే తినుమనిరి. గంటలు పాటించినవారు సగటున 8.0 కిలోలు, పాటింపనివారు 6.3 కిలోలు తగ్గిరి. ఆ భేదము లెక్కకు నిలుచునది కాదని వైద్యులు తేల్చిరి. అనగా ముద్దలు తగ్గినందుననే బరువు తగ్గినది. పదునారు గంటలు ఆగి, పిమ్మట రెండింతలు వడ్డించుకొనువానికి ప్రయోజనము లేదు.

2. ఎవరు జాగ్రత్తపడవలెను?

ఇన్సులిను సూదియు, చక్కెరవ్యాధికిచ్చు కొన్ని మాత్రలును, మనము తిన్నను తినకున్నను రక్తములోని చక్కెరను దింపుచునే యుండును. గనుక మందులు వాడువారు డాక్టరును అడుగక భోజనవేళ మార్చకూడదు. తమంతట తాము మందు మానను కూడదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదిగెడు పిల్లలు, చిక్కిపోయినవారు ఈ పద్ధతి జోలికి పోరాదు. చెమట, వణకు, కండ్లు తిరుగుట కనబడినయెడల వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగవలెను. పదునైదు నిమిషములకు తగ్గకున్న మరల త్రాగవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

3. లేఖనము ఏమి నేర్పుచున్నది?

దావీదు బిడ్డ రోగియైనప్పుడు ఉపవాసముండెను. నీనెవెవారు పశ్చాత్తాపముతో ఉండిరి. అంతియొకయ సంఘము బర్నబాను సౌలును పంపునప్పుడు ఉండెను. సన్నబడుటకై ఉపవాసమున్నవారు గ్రంథములో ఒక్కరును కనబడరు. దానియేలును అతని స్నేహితులును పది దినములు శాకాహారమును నీళ్లును పుచ్చుకొని మరింత పుష్టిగా కనబడిరి!

అట్లని ఒంటి బరువు తగ్గించుకొనుట పాపమా? కాదు. దేవుడిచ్చిన దేహమును కాపాడుకొనుట మన విధియే. అయితే దానిని దాని పేరుతోనే పిలువవలెను. ఒంటికొరకు చేసినదానిని దేవుని లెక్కలో వ్రాసినయెడల, చేసినవారికి అతిశయము, చూచినవారికి మోసము. రహస్యముగా ఉపవాసముండుమని ప్రభువు చెప్పుటలోని మేలు మేము ఆలస్యముగా గ్రహించితిమి. మేము బహిరంగముగా మెచ్చుకొనకయుండిన ఆ సహోదరి నీరసము తెలిసిన దినముననే మానియుండును.

యెషయా మరియొక మాట నేర్పుచున్నాడు: ఉపవాసముండుచు కూలివారిని పీడించువాని ఉపవాసము దేవునికి అక్కరలేదు, ఆకలిగొన్నవానికి ఆహారము పంచుటయే ఆయనకు ఇష్టము.

ఇప్పుడు ఆ సహోదరి డాక్టరు చెప్పినట్లు మూడు పూటలును తినుచు, అన్నము తగ్గించి, కూర పెంచి, ప్రతి సాయంకాలము నడచుచున్నది. తగ్గించిన అన్నమునకు బదులు దినమునకొక పిడికెడు బియ్యము కుండలో వేసి, తన వీధిలోని ఒక ముసలి విధవరాలికి ఇచ్చుచున్నది. ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు; ఆ విధవరాలే చెప్పినది. ఆమె పేరు మేము ఈసారి ఎవరికిని చెప్పము.

ఆలోచించుటకు:
1. మనము మానిన పూట ఎవరికొరకు మానితిమి?
2. మన ఇంటిలో మందులు వాడువారు ఉపవాసమునకు ముందు డాక్టరును అడిగిరా?
3. మనము తినక మిగిల్చినది ఎవరి పళ్లెములోనికి పోవుచున్నది?